అప్పు తీర్మానం అందరిలో, ఓటు తీర్మానం మనసులో

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇందాకే విన్నారు. లెక్కల్లోకి ఎక్కని ఒక విషయం ఇప్పుడు మీ ముందు పెడుతున్నాం. అది ఓటు. కంగారు పడకండి, ఎవరికి వేయాలో చెప్పడానికి కాదు. సమాఖ్యకు జెండా లేదు, ఉండకూడదు కూడా. ఏ పార్టీకి వేయాలో తేలనప్పుడు ఎలా తేల్చుకోవాలన్నదే మా మాట.

2024 మే 13న మన ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, పార్లమెంటుకు ఒకే రోజు పోలింగ్ జరిగింది. అంతకు రెండు వారాల ముందు ఒక సంఘం సమావేశంలో పొదుపు కట్టేసి అందరూ లేస్తుంటే, ఒక పెద్దమ్మ "నాకింకా తేలలేదే" అంది. కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఇంట్లో ఆయనదొక పార్టీ, కొడుకుదొకటి, మా తమ్ముడిదొకటి. ఎవరికేసినా ఇద్దరికి ద్రోహం చేసినట్టే ఉంటది" అంది. నవ్విన వాళ్లలోనే ఒకామె మెల్లగా "నాదీ అదే బాధ పెద్దమ్మా" అనేసింది. తీరా చూస్తే పదిమందిలో ఆరుగురు అలాగే ఉన్నారు.

తేలకపోవడం తెలివితక్కువతనం కాదు. మన దగ్గరికి అప్పు కోసం సభ్యురాలు వస్తే వెంటనే సరే అంటామా? ఆమె చీర చూసి, మాట తీరు చూసి తీర్మానం రాస్తామా? మూడు ప్రశ్నలు అడుగుతాం. పాత అప్పు ఏం చేశావు? ఈ అప్పు ఎలా తీరుస్తావు? నీ తరఫున ఎవరు నిలబడతారు? పార్టీ కూడా మనల్ని ఐదేళ్ల అప్పే అడుగుతోంది. అవే ప్రశ్నలు దాన్నీ అడగొచ్చు.

మొదటిది, పాత అప్పు. అధికారంలో ఉన్నవాళ్లు చెప్పినదాంట్లో మన ఊరి దాకా ఏం వచ్చింది? రోడ్డు, కాలువ, బడిలో టీచరు, ఆసుపత్రిలో మందు, ఇవి మన కళ్లతో చూసినవే. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లనూ వదలొద్దు. పంట మునిగినప్పుడు ఎవరు వచ్చారు, ఫొటో దిగాక మళ్లీ వచ్చారా?

రెండోది, ఎలా తీరుస్తారు? ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒకసారి ఎన్నికల ముందు రుణమాఫీ అన్న మాట విని మాలో చాలామందిమి కంతులు ఆపేశాం. మాఫీ అనుకున్నట్టు రాలేదు, వడ్డీ మాత్రం ఆగకుండా పెరిగింది. సంఘం ఓవర్‌డ్యూలో పడింది, కొత్త లింకేజీ ఆగిపోయింది. వాగ్దానం కంతు కట్టదని అప్పుడు తెలిసింది. అందుకే ఏ హామీ విన్నా, డబ్బు ఎక్కడిది, ఎప్పటికి ఇస్తారు, అసలు అది వాళ్ల చేతిలో ఉందా అని అడగాలి. వీధి కుళాయి పంచాయతీది. మద్యం షాపుల విధానం రాష్ట్రానిది. రైళ్లు ఢిల్లీవి. ఎమ్మెల్యేకి, ఎంపీకి రెండు వేరు వేరు ఓట్లు ఉన్నప్పుడు రెండుసార్లు ఆలోచించాలి. రెండూ ఒకే గుర్తుకి వేయాలని రూలు లేదు, వేయకూడదనీ లేదు.

మూడోది, ఎవరు నిలబడ్డారు? అభ్యర్థి ఆస్తులు, అప్పులు, చదువు, మీదున్న కేసులు నామినేషన్‌తోపాటు అఫిడవిట్‌లో రాసి ఇవ్వాలి. ఎన్నికల సంఘం వాటిని అందరికీ కనిపించేలా పెడుతుంది. ఫోన్ ఉన్న పిల్లల్ని అడగండి, చదివి వినిపిస్తారు. కానీ ఒక్కరిది కాదు, అందరివీ వినండి.

ఇన్ని అడిగినా తేలకపోతే? అప్పుడు మీకు అన్నిటికన్నా ముఖ్యమైన ఒక్క విషయం పట్టుకోండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా ఒక్కటే పట్టుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం పెద్ద హామీ అయింది, 1995 జనవరిలో అమలైంది. 1997లో మళ్లీ సడలించారు. అంటే, ఓటుతో సాధించుకున్నదాన్ని ఓటు తర్వాత కూడా కాపలా కాయాలి. ఎవరూ నచ్చకపోతే 2013 నుంచి నోటా ఉంది. కాకపోతే నోటాకు ఎన్ని ఓట్లొచ్చినా అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాళ్లే గెలుస్తారు, అది తెలిసి నొక్కండి.

ఇక డబ్బు సంగతి. దాచుకోవాల్సిన పని లేదు, మన గడపలకీ వచ్చింది. కొన్నిచోట్ల దేవుడి పటం మీద ఒట్టు కూడా వేయించుకున్నారు. "తీసుకున్నాక వేయకపోతే పాపం కదా" అని అడిగినవాళ్లున్నారు. ఓటుకు డబ్బు ఇచ్చినా తీసుకున్నా నేరమే, తీసుకోవద్దు. భయంతోనో మొహమాటంతోనో తీసుకున్నవాళ్లకు చెప్పేది ఒకటే. అది అప్పు కాదు, ఓటు దానికి కంతు కాదు. ఎవరికి వేశారో తెలిసిపోతుందని, పింఛను ఆపేస్తామని బెదిరించినా నమ్మొద్దు. మీ ఓటు స్లిప్పు ఏడు సెకన్లు మీకే కనిపించి పెట్టెలో పడిపోతుంది. అక్కడ మీ పక్కన ఎవరూ ఉండరు.

అప్పుకీ ఓటుకీ తేడా ఇక్కడే ఉంది. అప్పు తీర్మానం పదిమందిలో రాసి, సంతకాలు పెట్టి చదువుతాం. ఓటు తీర్మానం మనసులో రాసుకుని మనసులోనే ఉంచుకుంటాం. ప్రశ్నలు మాత్రం కలిసి అడగొచ్చు. ఈ తేడా మరిచిన ఒక సంఘంలో ఎన్నికలయ్యాక మూడు నెలలు సమావేశమే జరగలేదు. పార్టీలు గెలిచి, ఓడి, మళ్లీ మాట్లాడుకున్నాయి. మన వదినా మరదళ్లే మాట్లాడుకోలేదు.

అందుకే ఈ సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం. సమావేశం రోజు, సంఘం డబ్బు, సంఘం పేరు ఏ పార్టీ సభకూ వాడకూడదు. ఎవరికి వేశావని ఏ సభ్యురాలూ మరో సభ్యురాలిని అడగకూడదు. గెలిచింది ఎవరైనా, ఇచ్చిన హామీలు ఎంతవరకు వచ్చాయో ఏడాదికోసారి గ్రామ సంఘంలో చదివి చూసుకోవాలి. మీ ఆమోదం కోరుతున్నాం.

ఆ పెద్దమ్మ పోలింగ్ నుంచి వస్తుంటే "ఏం పెద్దమ్మా, తేలిందా?" అన్నాం. "తేలింది" అంది, వేలు చూపించి. అంతకుమించి మేం అడగలేదు, ఆమె చెప్పలేదు.