అవ్వ అడిగిన ఫోటో

(ఉట్నూర్‌లో ఆదివాసీ యువత కోసం పెట్టిన ఫోటోగ్రఫీ శిక్షణలో ఒక మిత్రుడు మాట్లాడిన మాటలివి. కొత్తగా కెమెరా పట్టినోళ్లకు, ఫోన్‌తో తీసేటోళ్లకు కూడా పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నాం.)



గోండిలో మాట్లాడుదామనుకున్న. కానీ ఇక్కడ కోలాం తమ్ముళ్లున్నరు, నాయక్‌పోడ్ చెల్లెండ్లున్నరు, పట్నం నుంచి వచ్చిన దోస్తులున్నరు. అందుకే తెలుగులనే చెప్త.

నన్ను ఫోటోగ్రాఫర్ అని పరిచయం చేసిన్రు. కెమెరా పట్టి మూడేండ్లే అయింది. పాత కానన్, దానితోటి వచ్చిన 18-55 లెన్స్, రెండూ ఒక పెండ్లిళ్ల ఫోటోగ్రాఫర్ దగ్గర సగం ధరకు కొన్న. నాకు చెట్లు, గుట్టలు తీయబుద్ధి కాలే. మనుషుల ముఖాలే తీయాలనిపించింది. ఇయ్యాల నేను చేసిన తప్పులు చెప్త. మంచిగొచ్చిన ఫోటోలు మీరు ఎట్లాగూ చూస్తరు.

మొదటి ఏడు కేస్లాపూర్ పోయిన. పుష్య అమావాస్య నాడు నాగోబా జాతర ఎట్లుంటదో మీకు చెప్పాల్సిన పనిలేదు. భేటి కోడళ్లు తెల్ల చీరలు కట్టుకొని, ముఖం మీదికి కొంగు లాక్కొని కూసుంటరు. బయటి నుంచి వచ్చిన కెమెరాలోళ్లు వాళ్ల మీదికి ఎగబడుతుంటే నాకు కోపమొచ్చింది. నేను మనోన్ని గదా, వీళ్లలెక్క చెయ్య అనుకున్న. అనుకొని పక్కకు పోయిన. అక్కడ చెట్టు కింద ఒక అవ్వ కూసుంది. తిర్యాణి దిక్కు నుంచి ఎడ్లబండి మీద వచ్చిందట, అది నాకు తర్వాత తెలిసింది. ముఖం నిండా ముడతలు, నుదుటి మీద పచ్చబొట్టు. అడగలే. మోకాళ్ల మీద కూసొని దగ్గరికి పోయి నాలుగైదు కొట్టిన. ఆమె నా దిక్కు చూసింది. నేను నవ్విన. ఆమె నవ్వలే. లేచి వచ్చేసిన.

ఆ రాత్రే ఫేస్‌బుక్‌ల పెట్టిన. పేరు లేదు, ఊరు లేదు. లైకులు మస్తుగ వచ్చినయి. "ఎంత అమాయకత్వం" అని ఒకరు రాసిన్రు. దానికి నేను దండం బొమ్మ పెట్టిన. ఇప్పుడు తలుసుకుంటే సిగ్గయితది.

నాలుగు నెలలకు తెలియని నంబర్ నుంచి ఫోన్. "అన్నా, మా అవ్వ ఫోటో ఫ్లెక్సీ మీద ఎందుకున్నది? ఆమె ఏం చేసింది?" అన్నడు ఒక పోరడు. ఒక సంస్థ వాళ్లు నన్ను అడగకుండనే ఆ ఫోటో తీసుకొని, ఆకలి గురించి రాసి, బస్టాండ్ దగ్గర కట్టిన్రు. ఆ పోరని భయం ఏందంటే, పోలీసులు కావాల్సినోళ్ల ఫోటోలు కూడా అట్లనే పెద్దగ కడ్తరు గదా. నా దగ్గర జవాబు లేదు. వాళ్లు నన్ను అడగలే అని చెప్దామనుకున్న. నేను మాత్రం ఎవరిని అడిగిన?

ఆ ఆదివారమే వాళ్ల ఊరికి పోయిన. తిడ్తదనుకున్న. అవ్వ తిట్టలే. నీళ్లిచ్చింది, ఎవరింటోనివని అడిగింది, మా సగ అడిగింది, చుట్టరికం కలిపింది. అన్నీ అయినంక మెల్లగ అన్నది: "తీసుకపోయినవు, మంచిదే. నాది నాకెందుకు ఇయ్యలే?"

ఆమె దగ్గర ఆమె ఫోటో ఆధార్ కార్డు మీద ఒక్కటే ఉంది. మీరందరూ చూసే ఉంటరు, ఆధార్ ఫోటోల మన అవ్వలు ఎట్లుంటరో.

"ఇప్పుడు తీస్త అవ్వా, కూసో" అన్న. ఆమె లోపలికి పోయి అర్ధగంట రాలే. పెట్టెల నుంచి కొత్త చీర తీసి కట్టుకొని, తలకు నూనె పెట్టుకొని వచ్చింది. నేను గడప దగ్గర కూసోమన్న, వెలుతురు బాగుందని. ఆమె వాకిట్ల నిటారుగ నిలబడ్డది. చేతులు రెండు పక్కలకు పెట్టుకుంది. పక్కన మనుమన్ని నిలబెట్టుకుంది. నేను దగ్గరికి పోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "కాళ్లు కనబడాలె" అన్నది. ముఖం మాత్రమే తీస్తే మనిషిని కోసినట్టు అనిపిస్తదట.

నాకు ఆ ఫోటో నచ్చలే, నిజం చెప్తున్న. యూట్యూబ్‌ల చూసి నేర్చుకున్న లెక్కల అది పోర్ట్రెయిటే కాదు. ఎండ నెత్తి మీద ఉంది, వెనక దడి, పక్కన నీళ్ల డ్రమ్ము. అయినా ఆమె చెప్పినట్టే తీసిన. ఇంటికొచ్చి కంప్యూటర్ మీద ముఖం కొంచెం తెల్లగ చేసిన. ప్రింట్ ఇస్తే ఆమె బిడ్డ చూసి, "ఇది మా అవ్వ కాదు, దొరసాని" అని పకపక నవ్వింది. ఇంకోసారి ప్రింట్ తీయించిన.

ఈ తెలుపు సంగతి నా ఒక్కని రోగం కాదు. రీళ్ల కాలంల కోడాక్ కంపెనీ ల్యాబులకు ఒక కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి ఆడమనిషి ఫోటో ఉండేది, షర్లీ కార్డు అనేటోళ్లు. ఆమె చర్మం సరిగ్గా కనబడితే రంగులు సరిగ్గ ఉన్నట్టు. మన ముఖాలు ఆ లెక్కల లేవు. ఇప్పటి కెమెరా వేరే, కానీ దానికీ ఒక అలవాటుంది. ముందున్నది ఏదైనా సరే, నడిమి బూడిద రంగుకు తేవాలని చూస్తది. అందుకే నల్లటి ముఖం ఫ్రేమంత నిండితే పాలిపోయినట్టు చేస్తది. అప్పుడు ఎక్స్‌పోజర్ కొంచెం మైనస్ చేయాలె. అదే మనిషి వెనక ఆకాశమో, తెల్లగోడనో ఉందనుకో, ముఖం బొగ్గయితది. అప్పుడు ప్లస్ చేయాలె. ఫోన్ అయితే ముఖం మీద వేలు పెట్టి పైకో కిందికో జరుపుడే. బ్యూటీ అని ఉంటది చూడు, ముందు దాన్ని బంద్ చేయండి.

ఇంకోటి. 18 మీద పెట్టి ముఖం దగ్గరికి పోతే ముక్కు లావుగ, చెవులు చిన్నగ వస్తయి. జాతరల నేను చేసిందదే. 55 మీద పెట్టి నాలుగడుగులు ఎనకకు రావాలె. ఎనకకు వస్తే మనిషికి కూడా ఊపిరాడుతది.

పోడు కాగితాల కోసం పాస్‌పోర్టు ఫోటోలు కూడా తీసిన. అది చిన్న పని అనుకునేటోన్ని. ఇంటాయన ఒక్కడే వచ్చి నిలబడేటోడు. "అక్కేది?" అంటే "ఆమెదెందుకు?" అనేటోళ్లు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెండ్లయినోళ్లకు హక్కు పత్రం ఇద్దరి పేరు మీద ఉండాలె. ఆ మాట చెప్పి చెప్పి అక్కలను పిలిపించిన. చీపురు కింద పెట్టి, చేతులు తుడుచుకుంట వచ్చి నిలబడేటోళ్లు. నేను తీసిన ముఖాలల్ల నాకు బాగా ఇష్టమైనవి అవే. వెనక తెల్లబట్ట, ముందర మనిషి, అంతే.

మన ముఖాలు మన దగ్గర ఉండవు అనేది పాత కథ. 1940ల జోడేఘాట్‌ల కొమురం భీం అమరుడైనంక నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది. ఆయన మార్లవాయిల మనోళ్లతోటి బతికిండు, వేల ఫోటోలు తీసిండు. తీసింది మంచిదే, లేకుంటే అవి కూడా ఉండకపోవు. కానీ అవి లండన్‌ల సోయాస్ కాలేజీ దగ్గరున్నయి. నేను వాటిని ఫోన్‌ల చూసిన. ఒక ముసలాయన అచ్చం మా పెదనాయిన లెక్కనే ఉన్నడు. మా ఊరోళ్లకు చూపిస్తే ఎవ్వరూ గుర్తుపట్టలే. గుర్తుపట్టేటోళ్లు పోయిన్రు. అందుకే ఇప్పుడు ప్రతి ఫోటో వెనక పేరు, సగ, ఊరు, తారీకు పెన్నుతోటి రాసి ఇస్తున్న. ప్రింటుకు పది పదిహేను రూపాయలు అయితయి, నేను పెట్టుకుంట.

ఆ అవ్వ పోయిన ఎండకాలం చనిపోయింది. మనుమడు ఫోన్ చేసి, ఫోటో పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టియ్యమన్నడు. నా ఫోన్ల రెండున్నయి గదా, జాతరదీ వాకిట్లదీ. "ఏది తమ్మీ?" అన్న.

"కాళ్లు కనబడేది" అన్నడు.

నీళ్ల డ్రమ్ము తీసేయాల్నా అని కూడా అడిగిన. వద్దన్నడు. ఆ డ్రమ్ము అవ్వనే సంతల కొన్నదట.

ఇగ మాటలు చాలు. ఐదున్నర వరకే వెలుతురుంటది. ఇద్దరిద్దరు జత కట్టండి, తెలియనోళ్లతోటి కట్టండి. కెమెరా తీయకముందు పది నిమిషాలు ముచ్చట పెట్టండి. ఎట్ల తీస్తే బాగుంటదో నువ్వు చెప్పకు, ఎట్ల తీయాలె అని వాళ్లను అడుగు. వద్దంటే వద్దే, కెమెరా సంచిల పెట్టేయి. తీసినవి రేపు పొద్దున ప్రింట్ వేపిస్త. ముందు ఎవరి ముఖం వాళ్లకు ఇద్దం, తర్వాత గోడకు పెట్టేది లేనిది వాళ్లే చెప్తరు.

జై సేవా.