కొండంత చదువు, గుప్పెడంత పని



మొన్న దసరా సెలవుల్లో మా చిన్నవాడు పుస్తకం ముందేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పల్నాటి యుద్ధం గురించి 12 పేజీలు రాసుకు రమ్మన్నారట. సెలవులు 6 రోజులే మిగిలాయి, ఒక్క అక్షరం పడలేదు. “నువ్వే రాసిపెట్టవూ అమ్మా!” అన్నాడు. నిరుడు అలాగే రాసిపెట్టాను. మార్కులు వచ్చాయి గానీ వాడికి పని రాలేదు. ఆ తప్పు నాదే.

ఈసారి కలం నేను పట్టలేదు. పదో తరగతితో చదువాపినదాన్ని, పాఠం చెప్పలేను. కానీ పని పంచుకోవడం వంటింట్లో నేర్చుకున్నదే కదా! ఇద్దరం కూర్చుని రోజుకు 3 పేజీల చొప్పున పంచాం. మొదటిరోజు గురజాల, మాచర్ల రాజ్యాలు. రెండోరోజు బ్రహ్మనాయుడు, అన్ని కులాలూ కలిసి తిన్న చాపకూడు. మూడోరోజు నాయకురాలు నాగమ్మ, కోడిపందెం. నాలుగోరోజు బాలచంద్రుడు, కారంపూడి యుద్ధం. అయిదోరోజు పటం, బొమ్మలు. ఆరోరోజు ఖాళీ. ఈ ఖాళీ రోజును మాత్రం మరచిపోకండి. జ్వరమో, చుట్టమో రాకమానరు!

“చరిత్ర రాయి” అంటే పిల్లవాడికి ఎక్కడ మొదలెట్టాలో తెలియదు. “ఇవాళ చాపకూడు గురించి రాయి” అంటే తెలుస్తుంది. మన మాచర్ల దగ్గరి నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, కాలువలకు నీళ్ళు 1967లో వదిలారు. అంతటి రాతి ఆనకట్టా ఒక్కొక్క రాయిగానే లేచింది.

ఆరోరోజు సాయంత్రం వాడే నన్ను పిలిచి అంతా చదివి వినిపించాడు. రెండుచోట్ల తప్పులు దొర్లాయి. వాటినీ వాడే దిద్దుకున్నాడు.

సెలవు.