కుయ్‌మన్నదల్లా బంగారం కాదు

(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఇంజనీరును కనుక ఏదైనా ఒక యంత్రం గురించి చెప్పమన్నారు. ఈ బల్ల మీద ఊతకర్రలాగా కనిపిస్తున్నది మెటల్ డిటెక్టర్. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసిన చిన్న రకం. మన ఊరికి దీన్నే తేవడానికి కారణముంది. సురభి రాజుల సంస్థానం, నల్లమల అడవి, కృష్ణ ఒడ్డు గుళ్లు, శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్లు, ఇవన్నీ ఉన్న చోటు మనది. ఎండాకాలం నీళ్లు దిగితే పాత ఊళ్ల మొండిగోడలు తేలతాయి. వాటితోపాటు మాటలూ తేలతాయి. ఫలానా నంది కింద లంకెబిందెలున్నాయట, ఫలానా ధ్వజస్తంభం కింద బంగారం ఉందట అని. ఆ మాటలు నమ్మి రాత్రిపూట గుళ్లు తవ్వేవాళ్లున్నారు. వాళ్లకు యంత్రాలు అమ్మి డబ్బు చేసుకునేవాళ్లూ ఉన్నారు. కాబట్టి అసలు ఈ యంత్రానికి ఏం తెలుసో, ఏం తెలియదో మన పిల్లలకైనా తెలియాలి.

పనిచేసే తీరు మీకు కొత్తేమీ కాదు. భౌతికశాస్త్రం సారు పదో తరగతిలో చెప్పిన విద్యుదయస్కాంత ప్రేరణే. అడుగున ఈ పళ్లెంలో రెండు తీగచుట్టలున్నాయి. ఒకటి సెకనుకు కొన్ని వేలసార్లు మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. కింద లోహముంటే అందులో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. అవి తిరిగి పంపే క్షేత్రాన్ని రెండో చుట్ట పట్టుకుంటుంది. ఆ జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి యంత్రం ఒక అంకె చూపిస్తుంది. ఇనుముకు చిన్న అంకె. తర్వాత సన్నరేకు, అల్యూమినియం. పైన రాగి, వెండి.

ఇక్కడే మొదటి చిక్కు. పెద్ద వెండి బిళ్లకు పెద్ద అంకె వస్తుంది. నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయి అయితే గంట కొట్టినట్టు పలుకుతుంది. కానీ చిన్న బంగారు వస్తువుకు అంత అంకె రాదు. సన్నని ముక్కుపుడక, మందుబిళ్లల రేకు ముక్క ఒకే చోట పడతాయి. మన చిన్నప్పటి అల్యూమినియం ఐదు పైసలు, అంచు వంకరల పది పైసలు కూడా ఆ మధ్య వరుసలోనే. ఇప్పటి రూపాయి బిళ్ల అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలు. కాబట్టి యంత్రం దాన్ని మేకుల పక్కన లెక్కకట్టవచ్చు. మరోవైపు చప్పిడిగా ఉన్న సోడామూత ఇనుపదే అయినా ఒక్కోసారి రాగిలాగా కుయ్‌మంటుంది.

ఈ యంత్రానికి ఒక మీట ఉంది. అది నొక్కితే చెత్త అనుకున్న అంకెలన్నీ వినబడకుండా పోతాయి. కొత్తవాళ్లు మొదట నొక్కేది దాన్నే. మా పెద్దమ్మ ఒకామె పల్లికాయ ఏరుతూ చేలో చెవి కమ్మ పోగొట్టుకుంది. పెళ్లినాటి కమ్మ. నన్ను యంత్రం తీసుకొని రమ్మన్నారు. మీట నొక్కకుండా మూడు సాయంత్రాలు వెతికాను. ఎద్దుల నాడాలు, కర్రు ముక్క, మందుబిళ్లల రేకులు, బీడీ అగ్గిపెట్టెల కాలపు రాగి పైసా ఒకటి, అన్నీ తీశాను. గట్టు మీద కూర్చున్న పెద్దమ్మ, "గీ రేకు ముక్కలన్ని ఏం జేస్తవ్ బిడ్డా?" అని అడిగింది. "ఇవి ఏరకుంటే నీ కమ్మ దొరకదు పెద్దమ్మా" అన్నాను. మూడోనాడు పొద్దుగూకే ముందు దొరికింది. రేకు ముక్కకు వచ్చిన అంకెకు, కమ్మకు వచ్చిన అంకెకు తేడా లేదు. మీట నొక్కి ఉంటే ఆ చేను మొత్తం తిరిగినా నాకు చప్పుడే వినిపించేది కాదు.

మన సార్లలో ఒకరు స్లిప్ టెస్టులో సున్నా వచ్చినవాడి నోటుబుక్కు కూడా చివరి పేజీ దాకా దిద్దేవారు. అప్పట్లో మేము ఆశ్చర్యపోయేవాళ్లం. సారు ఆ మీట ఎన్నడూ నొక్కలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

రెండో విషయం లోతు. ఇలాంటి చిన్న యంత్రం రూపాయి బిళ్లను జానెడు లోపల పట్టుకుంటే గొప్ప. క్షేత్రం కిందికి పోయేటప్పుడూ తగ్గుతుంది, జవాబు పైకి వచ్చేటప్పుడూ తగ్గుతుంది. చిన్న వస్తువు రెట్టింపు లోతున ఉంటే వచ్చే సంకేతం దాదాపు అరవైనాలుగో వంతుకు పడిపోతుంది. దానికి తోడు మన చెలక నేలల ఎర్రమట్టిలో ఇనుప ఆక్సైడ్ ఉంటుంది. ఆ మట్టే సణుగుతూ ఉంటుంది. అందుకే ముందు నేలకు తగ్గట్టు యంత్రాన్ని సరిచేసుకోవాలి. ఇది తెలిసినవాళ్లెవరూ చేతిలో పట్టే పెట్టె ముప్పై అడుగుల లోతున ఉన్న బంగారాన్ని చూపిస్తుందంటే నమ్మరు. అలాంటి పెట్టె కోసం భూమి కుదువబెట్టరు.

మూడో విషయం, వెతికే మనిషి. 1881 జులైలో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను దుండగుడు కాల్చాడు. ఒంట్లో గుండు ఎక్కడుందో తెలియలేదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటి యంత్రమే తయారుచేసి తెచ్చాడు. మంచంలోని ఉక్కు స్ప్రింగులు యంత్రాన్ని తికమకపెట్టాయి. పైగా గుండు కుడివైపే ఉందని నమ్మిన వైద్యుడు అటే వెతకనిచ్చాడు. గుండు ఎడమవైపు ఉంది. సెప్టెంబరులో అధ్యక్షుడు చనిపోయాడు. ఎక్కడ వెతకాలో ముందే తీర్మానించుకున్నవాడికి ఏ యంత్రమూ సాయం చేయలేదు.

మనకు దగ్గర్లోనే మరో ఉదాహరణ ఉంది. 2022 దాకా కృష్ణ దాటితే కర్నూలు జిల్లా. 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధి కోసం తవ్వకాలు మొదలయ్యాయి. ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి. నిధి మాత్రం కనబడలేదు. అదే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరి వాన పడగానే జనం వంగి నేల చూసుకుంటూ నడుస్తారు, వజ్రాల కోసం. వజ్రం లోహం కాదు, ఈ యంత్రానికి అది వినబడదు. ఆ చుట్టుపక్కలే ఎర్రగుడి బండల మీద రెండువేల రెండువందల ఏళ్ల నాటి అశోకుని శాసనాలున్నాయి. వాటి మీద యంత్రం పెట్టి చూడండి, కిక్కురుమనదు.

ఇంకో మాట. తెలంగాణలో చాలా ఊళ్ల శివార్లలో నల్లగా, బరువుగా ఇనుప చిట్టెం దొరుకుతుంది. ఈ యంత్రం దాన్ని చెత్త అంటుంది. మనవాళ్లు ఇనుము కరిగించిన కొలుముల ఆనవాలు అది. ఒకప్పుడు నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ చరిత్రకు సాక్ష్యం చిట్టెమే.

మరి నిధి ఏది? గోదావరి ఒడ్డున కోటిలింగాలలో నేల మీద చిన్నచిన్న నాణేలు దొరికాయి. చాలావరకు రాగి, సీసం లాంటి మామూలు లోహాలే. తూకానికి అమ్మితే చాయ్ డబ్బులు రావేమో. వాటి మీద శాతవాహనుల తొలిరాజు సిముకుని పేరు, అంతకు ముందటి గోబద, సమగోప వంటి రాజుల పేర్లు కనిపించాయి. శాతవాహనుల తొలినాళ్ల గురించి పండితులు తెలంగాణ వైపు చూడాల్సి వచ్చింది. ఆ నాణేల విలువ అవి కోటిలింగాలలో దొరకడంలో ఉంది. ఎక్కడివో చెప్పకుండా అవే నాణేలు పట్నంలో ఒక దుకాణానికి చేరి ఉంటే వాటిని చూసి మనం ఏమీ నేర్చుకునేవాళ్లం కాదు. రాత్రిపూట తవ్వేవాడు బంగారం దొంగిలిస్తాడో లేదో కానీ, ఆ చోటు చెప్పే సాక్ష్యాన్ని మాత్రం కచ్చితంగా చెరిపేస్తాడు.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే వాటా పోవడమే కాదు, ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న పాత్ర బయటపడింది. విషయం అధికారులకు చేరింది, నగలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడమే నేరం.

చివరగా సంఘానికి ఒక విన్నపం. ఈ యంత్రాన్ని మన బడి భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఇచ్చి వెళ్తున్నాను. బడి ఆవరణలో ఒక మూల చిన్న మడి కట్టిద్దాం. అందులో మేకు, రేకు, సోడామూత, పాత పైసలు, రాగి తీగ, వెండి మెట్టె కొలిచిన లోతుల్లో పాతిపెడదాం. పిల్లలు ఒక్కోదానికి వచ్చిన అంకె, చప్పుడు, లోతు నోటుబుక్కులో రాసుకోవాలి. ఏముందో ముందు ఊహించి రాయాలి, తర్వాత తవ్వి చూడాలి. యంత్రం మాత్రం బడి గేటు దాటకూడదు.

దానితోపాటు ఇంకో నోటుబుక్కు పెడదాం. మునిగిపోయిన ఊళ్ల నుంచి వచ్చిన అవ్వలు, తాతలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఏ వీధిలో ఏముండేది, ఏ బావి నీళ్లు తియ్యన, ఏ గుడి రాళ్లకు అంకెలు వేసి ఎక్కడికి తరలించారు అన్నది వాళ్లకు తెలుసు. పిల్లలు పోయి అడిగి రాసుకోవాలి. ఆ పని ఎంత ఆలస్యమైతే అంత లోతుకు పోతుంది. ఎంత లోతుకు పోతే సంకేతం ఎంత తగ్గుతుందో ఇప్పుడే లెక్క చెప్పాను.