యాస నొప్పి తెలిసినోళ్లం, ముందు మనమే వినాలె

(ఏజెన్సీ బడులకు, దఫ్తర్లకు కొత్తగ పోతున్న ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విద్యార్థుల సమావేశంల చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభకు పెట్టిన పేరు పెద్దగ ఉన్నది. 'భిన్న సంస్కృతుల నడుమ సంభాషణ' అని బ్యానర్ మీద రాసిండ్రు. మా ముచ్చట చిన్నది. ఒకరి మాట ఇంకొకరికి చేరాలంటె ఏం చెయ్యాలె? ఆ మాట వల్ల ఎదుటి మనిషికి అన్యాయం జరగకుండ ఉండాలంటె ఏం చెయ్యాలె? మైదానం నుంచి పోయి ఏజెన్సీల కొలువు చేసిన టీచర్లం మేము. పుస్తకాలు చదివి తెలుసుకున్నది కొంత, తప్పులు చేసి నేర్చుకున్నది ఎక్కువ.

ముందు మన సంగతే మాట్లాడుకుందాం. 1956 తర్వాత దఫ్తర్లల్ల, కాలేజీలల్ల మన నోటిమాటకు ఏం మర్యాద దక్కిందో ఈ హాల్ల కూసున్న పెద్దలకు చెప్పే పని లేదు. 'గట్ల', 'గిట్ల' అంటె పక్క కుర్చీల నుంచి నవ్వు. సినిమాల మన యాస రౌడీకి, జోకరుకు. హీరోకు మాత్రం వేరే భాష. బడిల పంతులు 'సరిగ్గ మాట్లాడు' అని గద్దిస్తె పిలగాడు తన ఇంటి మాటే తప్పనుకుంటడు. మెల్లమెల్లగ నోరు మూసుకుంటడు. అప్పుడు అదే పంతులు 'వీనికి ఏం రాదు' అంటడు. ఈ నొప్పి మనం పడ్డం. పడ్డం గనుకనే కొట్లాడినం. 2014ల రాష్ట్రం వచ్చింది. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని భాషా దినోత్సవంగ చేసుకుంటున్నం. మంచిదే.

గని ఒక్క ప్రశ్న. కుర్చీల మనం కూసొని, ఎదురుంగ మనకన్న బలం తక్కువున్న మనిషి నిలబడ్డప్పుడు మనం ఎవరి లెక్క మాట్లాడుతున్నం?

చింతచెట్టు కింద తెలిసిన నిజం

మేము పోయిన మొదటి యేడు సంగతి. ఒకటో తరగతిల ఒక గోండు పిల్ల ఉండె. మూడు నెలలు ఒక్క మాట మాట్లాడలె. ఇల్లు బొమ్మ చూపించి 'ఇదేంది బిడ్డా' అంటె నేల చూపులు చూసేది. 'మందబుద్ధి' అని రిజిస్టర్ల రాసేదాక పోయినం. ఒకనాడు పగటీలి బువ్వ తిన్నంక బడి వెనక చింతచెట్టు కింద అదే పిల్ల తమ్మునికి కథ చెప్తున్నది. చేతులు తిప్పుతున్నది, గొంతు మారుస్తున్నది, వాడు పడి పడి నవ్వుతున్నడు. మేము నిలబడి చూసినం. ఆ పిల్లకు అంత మాట ఉన్నది. మా ముందట పలికే సందు మాత్రం లేదు.

ఆనాడు ఆ ఊరి యువకుణ్ణి కూసోబెట్టుకొని అడిగినం. ఇంటిని వాళ్లు 'రోన్' అంటరు. నీళ్లను 'ఏర్' అంటరు. మూడు అంటె 'ముండ్', నాలుగు అంటె 'నాలుంగ్'. ఇన్ని దినాలు మనకు సుట్టాలైన భాష పక్కనే ఉంటె, మనకు దాని పేరు తప్ప ఏం తెల్వది. తెల్లారి బొమ్మ చూపించి 'రోన్' అన్నం. ఆ పిల్ల తల ఎత్తి చూసింది. మేము పలికిన తీరుకు కిసుక్కున నవ్వింది. పలికే తీరు దిద్దింది. ఆ దినం నుంచి ఆమె మాట్లాడింది. మందబుద్ధి ఎవరిదో మాకు తెలిసింది.

వినకుంటె ఏమైతదో చరిత్ర చెప్తది

ఇది ఒక్క బడి ముచ్చట కాదు. నిజాం జమానాల సర్కారు భాష ఉర్దూ. మైదానంల మన తాతలే ఉర్దూ కాగితం పట్టుకొని చదివి చెప్పేటోని కోసం తిరిగిండ్రు. మరి ఆసిఫాబాద్ అడవిల గోండులకు ఎట్ల ఉండాలె? ఇంట్ల గోండి, అంగడిల మరాఠీ, చౌకీల ఉర్దూ. ఏ భూమి అడవి కిందికి పోయిందో, ఏది ఎవరి పేరు మీదికి ఎక్కిందో కాగితంలనే ఉన్నది. ఆ కాగితం వాళ్లకు అర్థమయ్యే భాషల లేదు. వాళ్లు చెప్పుకునేది కాగితం మీదికి ఎక్కలె. 1940ల జోడేఘాట్‌ల భీం మీద, ఆయన వెంట ఉన్నోళ్ల మీద తుపాకులు పేలినంక గని సర్కారుకు వాళ్లు యాదికి రాలె.

అటెనుక నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను గోండుల సంగతి చూడమన్నది. ఆస్ట్రియా దేశపు మనిషి. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్. ఇద్దరు మార్లవాయిల ఉండి గోండి నేర్చుకున్నరు. పట్టాల మాట, వడ్డీ వ్యాపారుల మాట, అడవి చౌకీదార్ల మాట ఊరోళ్ల నోటి నుంచి విని రాసిండ్రు. 1943ల మార్లవాయిల టీచర్ల శిక్షణ మొదలైంది. టీచర్లు గోండు పిలగాండ్లే. వాచకాలు గోండి భాషల, దేవనాగరి లిపిల అచ్చయినయి. ఆయనను దేవుణ్ణి చెయ్యాల్సిన పని లేదు. ఆయన సర్కారు పంపిన మనిషే. గని పంపిన సర్కారుకు నచ్చే మాట కాక, ఊరు చెప్పిన మాట రాసిండు. ఇద్దరి సమాధులు ఇయ్యాల మార్లవాయిలనే ఉన్నయి. ఆ ఊరోళ్లు ఎందుకు ఉంచుకున్నరో ఆలోచించుండ్రి.

ఆ పాఠం నిలవలె. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లిల గిరిజన రైతు కూలీ సంఘం సభ. అనుమతిని ఆఖరు ఘడియల రద్దు చేసిండ్రు. దూరపు గూడేల నుంచి నడిచి వచ్చినోళ్లల్ల చాలామందికి ఆ సంగతి తెల్వది. పైగ అది అంగడి దినం. పోలీసు కాల్పులల్ల 13 మంది చనిపోయినరని సర్కారు లెక్క. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని జనం లెక్క. కాల్పులకు కారణం భాష ఒక్కటే అని మేము అనం. దాని వెనక భూమి ఉన్నది, అధికారం ఉన్నది. గని ఒక నిషేధం ఎవరి మీద పెట్టిండ్రో వాళ్లకే చేరకపోతె, అది హుకుం ఎట్లయితది? చెప్పినం అని దస్త్రంల రాసుకుంటె సరిపోదు. చేరిందా లేదా అన్నదే లెక్క.

మేము తప్పు చేసి నేర్చుకున్నవి

మొదటిది పేరు. 'గోండు' అన్నది బయటోళ్లు పెట్టిన పేరు. వాళ్లు తమను తాము 'కోయితూర్' అంటరు. కోలాంలు 'కోలావర్' అంటరు. లంబాడోళ్లు 'గోర్' అంటరు. అందరిని కలిపి 'గిరిజనులు' అని ఒక్క మూటల కట్టేస్తం. కోలాం భాష వేరు, పర్ధానుల తీరు వేరు, తోటి, నాయకపోడు వేరు. భీం ఇంటిపేరునే చూడుండ్రి. కొమురం, కొమరం, కుమురం, కుమ్రం... మనమే ఎన్ని తీర్ల రాస్తున్నం! జయంతికి దండ వేసెటోళ్లం పేరన్న వాళ్లను అడిగి రాయాలె గద. రేషన్ కార్డుల ఒక తీరు, బడి రిజిస్టర్ల ఇంకో తీరు రాస్తె, ఆ తేడాతోని సర్టిఫికెట్ కోసం తిరిగేది ఆ పిలగాడే. రాసినోడు కాదు.

రెండోది 'సరే' అన్న మాట. ఒక ఊరికి ఒక ఫారం పట్టుకొని పోయినం. పట్లకు, అంటె ఊరి పెద్దకు, వివరంగ చెప్పినం. ఆయన తల ఊపి 'సరే సార్' అన్నడు. ఒప్పుకున్నరని పై ఆఫీసుకు రాసినం. పది దినాలకు పోతె ఎవరు సంతకం పెట్టలె. మాకు కోపం వచ్చింది. 'మాట తప్పుతరు వీళ్లు' అని అన్నం కూడ. తర్వాత ఒక పెద్దమనిషి నిమ్మళంగ చెప్పిండు: 'సార్, మీరు చెప్పింది విన్నం అన్నడు. ఊరు కూసొని మాట్లాడుకోకుండ ఆయన ఒక్కడు ఎట్ల ఒప్పుకుంటడు?' మాట తప్పింది ఆ ఊరు కాదు. అర్థం తప్పింది మేము. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభ అని ఊరికె పెట్టలె. ఒక్కని తల ఊపు ఊరి సమ్మతి కాదు. భయంతోని అన్న 'సరే' అసలే కాదు. 'వద్దు' అనేటందుకు దారి ఉన్న కాడనే 'సరే'కు విలువ.

మూడోది పండుగ. బడి వార్షికోత్సవానికి గుస్సాడి ఆడుమని అడిగినం. పెద్దలు ఏమనలె, రాలె. మాకు గర్వం అనిపించింది. గుస్సాడి అంటె దీపావళి ముంగట దండారిల పట్టే దీక్ష అని, నెమలి ఈకల టోపీ పూజ అందుకునేదని తర్వాత తెలిసింది. మార్లవాయి కనక రాజుకు 2021ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. 2024ల ఆయన పోయిండు. ఆ కళను అంత దూరం తీసుకపోయిన మనిషిని గౌరవించుడు సరే. మరి ప్రతి మంత్రి కారు ముంగట, ప్రతి రిబ్బన్ కటింగ్‌ల, ఎండల నిలబెట్టి ఆడిపిచ్చుడు గౌరవమేనా? ఆడుమని హుకుం ఇచ్చే ముందు 'ఇది ఇక్కడ, ఇప్పుడు ఆడొచ్చునా' అని అడగాలె. 'కాదు' అంటె మొఖం మాడ్చుకోవద్దు. ఫోటో సంగతి అంతే. ఫోన్ చేతుల ఉన్నదని గుడిలకు, ఇంట్లకు చొరబడొద్దు.

నాలుగోది నడుమ మనిషి. 'మూడేండ్లకు బదిలీ అయితది, భాష ఎన్నడు నేర్చుకోవాలె' అని ఇందాక ఒక తమ్ముడు అడిగిండు. నిజమే. మొత్తం రాకపోవచ్చు. ఒక నూరు మాటలు నేర్వుండ్రి. మిగిలినదానికి చెప్పి వినిపించే మనిషిని పక్కన కూసోబెట్టుకోండ్రి. గని ఆయన మొఖం చూసి కాదు, ఎవరితోని పని ఉన్నదో ఆ మనిషి మొఖం చూసి మాట్లాడుండ్రి. రోగం ముచ్చట్ల, పోలీసు ముచ్చట్ల చిన్న పిల్లలను నడుమ పెట్టొద్దు. తల్లి తన బాధ కొడుకు నోటితోని చెప్పుకోలేదు. ఇంక అన్నిటికన్న పనికొచ్చేది ఒకటున్నది. 'అర్థమైందా' అని అడగొద్దు. ఎవరైనా 'అయింది' అనే అంటరు. 'నేను చెప్పింది ఇంటికి పోయి మీ వాళ్లకు ఎట్ల చెప్తవు, ఒకసారి నాకు చెప్పు' అనాలె. ఈ గోలి ఎప్పుడు, ఎన్ని, తిన్నంకనా తినక ముందా అన్నది అప్పుడు బయట పడ్తది. తప్పు చెప్తె అది వాళ్ల తప్పు కాదు, మనం చెప్పిన తీరుది.

భారం ఎవరి మీద?

ఇగ అసలు మాట. ఇద్దరి నడుమ భాష వేరైనప్పుడు ఎవరు నేర్చుకోవాలె? ఇన్నేండ్లు బలం లేనోడే నేర్చుకున్నడు. గోండు మనిషి ఇంట్ల గోండి, అంగడిల మరాఠీ, దఫ్తర్ల తెలుగు మాట్లాడుతడు. మూడు భాషల మనిషిని ఒక్క భాష వచ్చిన మనం 'చదువు లేనోడు' అంటం! కలం ఎవరి చేతుల ఉన్నదో, నేర్చుకునే భారం వాళ్లదే. జీతం తీసుకునేది మనం. సంతకం మనది. అడ్డం పడ్డా నష్టం లేనిది మనకు.

2011 జనగణన లెక్కల దేశంల గోండి మాట్లాడెటోళ్లు 29 లక్షలకు పైనే. ఎనిమిదో షెడ్యూల్‌ల 22 భాషలున్నయి, గోండి లేదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలల దొరికిన రాతప్రతుల లిపి 2018ల యూనికోడ్‌లకు ఎక్కింది. ఉమ్మడి రాష్ట్రంల 2004 ప్రాంతంల 8 గిరిజన భాషల్ల బడి పుస్తకాలు మొదలైనయి. అంటె దారి లేక కాదు. దారి పట్టి నడిచే సోయి కావాలె.

కొందరు అంటరు, 'ఇట్ల పోతె మన తెలుగు ఏమైతది' అని. మన యాసను మర్యాదగ చూడుమంటె నాడు కూడ ఇదే అన్నరు గద! పిలగాడు ఇంటి భాషల అక్షరం పట్టుకుంటె ఇంకో భాషకు ఇంకింత ఆసరా అయితది. చింతచెట్టు కింది పిల్ల మాకు చూపించింది అదే.

మిత్రులారా, మన మాటను చూసి నవ్వినోళ్ల మీద మనకు కోపం ఉన్నది. ఆ కోపం న్యాయమైనదే. గని అది మన కాడనే ఆగిపోతె అది న్యాయం కోసం వచ్చిన కోపం కాదు, మన వంతు కోసం వచ్చిన కోపం. రేపు మీరు పోయే ఊళ్లె మొదటి దినం ఏం చెప్పాలె అని ఆలోచించకుండ్రి. ఏం అడగాలె అని ఆలోచించుండ్రి. 'మిమ్ముల ఏమని పిలవాలె?' అన్న మాటతోని మొదలు పెట్టుండ్రి. మిగిలినది వాళ్లే నేర్పుతరు. మాకు నేర్పిండ్రు.