ఇనుప ఎముకలు – సిమెంటు మేను



హైదరాబాదున హైటెక్ సిటీ అద్దాల మేడల చెంత, మాదాపురమున, శిల్పారామమను ఉద్యానము కలదు. 1992లో నెలకొల్పబడిన యా తోటలో గ్రామవృత్తులవారి నిలువెత్తు బొమ్మలను జూచినవారు, తమ యూరి బడియెదుట నట్టి ప్రతిమను నిలుపగోరుట సహజము. రాతికి వ్యయ మధికము గనుక సిమెంటుకు పూనుకొందురు. ఆ పని యెట్లు చేసిన నిలుచునో విన్నవించెదను.

ఈ పద్ధతి మనకు క్రొత్త గాదు. మృణ్మయబింబమున కొయ్యశూలమును నిలుపుమని వైఖానసాగమము విధించినది. శూలము ఎముక, చుట్టిన త్రాళ్లు నాడులు, పైమన్ను మాంసము. ఫ్రాన్సు దేశపు తోటమాలి జోసెఫ్ మోనియే 1867లో ఇనుపతీగల యల్లికపై సిమెంటు మెత్తిన పూలతొట్లకు పేటెంటు పొందెను. కొయ్యకు మారుగ ఇనుము, మంటికి మారుగ సిమెంటు; తత్త్వ మొక్కటియే.

సిమెంటు బరువును మోయగలదు గాని లాగుడున కోర్వదు. చాచిన చేయి లోన కమ్మి లేనిచో తన బరువుచేతనే విరుగును. కావున కమ్ములతో నస్థిపంజరమును గట్టి, పాదముల కమ్ములను పునాదిలో దింపవలెను. దానిపై సన్నని యినుపవలను తీగతో బిగించి, ఒకపాలు సిమెంటు, మూడుపాళ్లు కడిగిన యిసుక, మితమైన నీరు కలిపిన మాలును వల కన్నులలోనికి దూరునట్లు అదిమి మెత్తవలెను. మొదటి పూతపై గీతలు గీచిననే రెండవ పూత పట్టును.

ఇనుమునకు శత్రువు తుప్పు. తుప్పుపట్టిన కమ్మి యుబ్బి, పైసిమెంటును లోపలినుండియే పగులగొట్టును. అందుచే కమ్మిపై అంగుళమైన మందముండవలెను. ఉప్పుటిసుక పనికిరాదు. బొమ్మ యొడిలో, భుజములపై వాననీరు నిలువరాదు.

అన్నిటికంటె ముఖ్యము తడి. సిమెంటు ఎండుటచే గాక, నీటితో కలిసి గట్టిపడును. గోనెపట్టాలు కప్పి కనీసము ఏడు దినములు తడుపవలెను. తగిన బలము వచ్చుటకు 28 దినములు పట్టును. మన యూళ్లలో ఆవిష్కరణ ముహూర్తమును ముందు నిశ్చయించి, పిదప మేస్త్రిని తొందరపెట్టుదురు. అట్టి బొమ్మ నీడన రేపు పిల్లలు ఆడుకొందురు. విరిగిపడిన చేయి ఏ ముహూర్తబలమును గణింపదు.

గ్రామపెద్దలారా! చందా మీచేతిలో నున్నది, ముహూర్తమును మీచేతిలోనిదే. పని ముగిసిన నాటినుండి నెల లెక్కించి, ఆపై పంచాంగమును దెరువుడు.