కోలారు గనిలో ప్రోటాను వేట

ప్రోటాను నశింపదని ప్రామాణిక సిద్ధాంతము పలుకుచుండ, ఒడిశాకు చెందిన జోగేశ్ పతి, అబ్దుస్ సలాంతో కూడి, 1974 ప్రాంతమున క్వార్కులను, లెప్టాన్లను ఒకే వంశమున చేర్చి, ప్రోటాను సైతము క్షయించునని సాహసించి ప్రతిపాదించెను. ఆయుర్దాయము, నాటి అంచనాలలో నొకటి ప్రకారము, ఒకటి ప్రక్కన 31 సున్నలు పెట్టినన్ని సంవత్సరములు. అనగా గుంటూరు మిర్చి యార్డులోని ఒక్క టిక్కీని నూరేండ్లు కాచుకొన్నను ఒక్క ప్రోటాను రాలుట అనుమానమే!

కనుకనే టాటా పరిశోధన సంస్థవారు, జపాను సహచరులతో, తెలుగును తమిళమును కలగలిసి వినవచ్చు కోలారు బంగారు గనులలో, విశ్వకిరణములను శిలయే వడగట్టు 2.3 కిలోమీటర్ల లోతున, ఇనుప పలకల నడుమ వాయువు నింపిన గొట్టములను వరుసలుగా పేర్చి, 140 టన్నుల యంత్రమును 1980లో నడపసాగిరి. క్షయమని తోచిన సంఘటనలు కొన్ని చూపిరి గాని, అమెరికా, జపానులలోని పెద్ద యంత్రములు వానిని సమర్థింపలేదు. గని 2001లో మూతపడెను. ఆయుర్దాయపు కనీస పరిమితి నేడు 34 సున్నలను దాటినది.