పాత పికప్‌ను పనిబండిగా చేసుకున్న వైనం

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ప్రచురిస్తున్నాము.)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. బస్సు డిపో గ్యారేజీలో ముప్పై రెండేళ్లు గ్రీజు చేతులతో గడిపినవాణ్ణి. మనలో చాలామంది గ్రాట్యుటీ సొమ్ముతో పిల్లలకు పాత బండ్లు కొనిస్తున్నారు కనుక నాలుగు మాటలు చెప్పమన్నారు.

మా పెద్దవాడిది బోరు మోటార్లు పైకి తీసి, బాగుచేసి, మళ్లీ దింపే పని. 2022లో వాడికి 2011 మోడల్ బొలెరో పికప్ కొనిచ్చాను. ఇంజను బాగుంది. వాడు సంతోషంగా ఒక షెడ్డుకు తీసుకువెళ్లి తొట్టి అడుగున మందపాటి గళ్ల రేకు, రెండు పక్కలా ఇనుప పెట్టెలు, పైన యాంగిలర్ల స్టాండు పెట్టించాడు. బరువు ఆగాలని వెనక కమాన్ కట్టలకు రెండేసి పట్టీలు కూడా వేయించాడు. నాకు చెప్పలేదు. చెబితే వద్దంటానని వాడికి తెలుసు.

ఒకనాడు వానలో పైపులు, చైన్ బ్లాకు, మూడుకాళ్ల స్టాండు వేసుకుని వస్తున్నాం. నేను పక్క సీట్లో ఉన్నాను. ముందు బడిపిల్లల ఆటో ఆగింది. వాడు బ్రేకు తొక్కితే ముందు చక్రాలు పట్టేసి బండి జారింది. ఆటోకు రెండు మూరల దూరంలో ఆగాం. వెనక కూర్చున్న పిల్ల ఒకతి మమ్మల్ని చూసి నవ్వి చెయ్యి ఊపింది. ఇంటికి వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మర్నాడు కిందికి దూరి చూశాను. ఈ బండిలో వెనక యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఒక చిన్న కడ్డీ, దానికొక వాల్వు ఉన్నాయి. బరువెక్కితే ఛాసిస్ దిగుతుంది, కడ్డీ కదులుతుంది, వెనక చక్రాలకు బ్రేకు ఎక్కువగా అందుతుంది. పట్టీలు పెంచేసరికి బండి దిగడం మానేసింది. నిండు బరువు మీద కూడా ఆ వాల్వు బండిని ఖాళీ బండిగానే లెక్కగట్టింది! పట్టీ వేస్తే కమాను గట్టిపడుతుందే గాని యాక్సిలు, బ్రేకులు, టైర్లు పాతవే కదా. ఆర్.సి.లో రాసిన మొత్తం బరువు ఒక్క కిలో కూడా పెరగదు.

తరువాత కాటా మీద పెట్టాం. పనిముట్లు మాత్రమే ఉన్న బండి, ఆర్.సి.లోని ఖాళీ బరువు కంటే 210 కిలోలు ఎక్కువ తూగింది. అంటే ఒక్క పైపైనా ఎక్కకముందే అంత సరుకు మోసే హక్కు పోయినట్టే. మావాడు ఆ చీటీ చూసి, "నాన్నా, ఇంత ఉందా?" అన్నాడు.

అదనపు పట్టీలు తీయించాం. గళ్ల రేకు తీసి చెక్కలు పరిచాం. ఒక పెట్టె చాలనుకున్నాం. దాన్ని ఛాసిస్‌కు వెల్డింగు చేయకుండా యు-బోల్టులతో, తొట్టి ముందు భాగాన, కేబినుకు ఆనించి బిగించాం. మిగిలిన డబ్బుతో బ్రేకు లైనింగులు, వీల్ సిలిండర్లు, గొట్టాలు, ఆయిలు మార్చాం. పైపులు ఎక్కువుంటే రెండు ట్రిప్పులు. డీజిల్ ఖర్చని మావాడు కొన్నాళ్లు సణిగాడు, కాదనను.

పాత బండి టైరు పైకి బాగానే కనిపిస్తుంది. పక్కన అచ్చువేసిన చివరి నాలుగంకెలు చూడండి. 1518 అని ఉంటే 2018లో 15వ వారం తయారైందని అర్థం. ఇక ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు. ఆ ఖర్చు కొనేనాడే లెక్కలో వేసుకోవాలి. మేము వేసుకోలేదు.

కాటా చీటీలు రెండూ, మొదటిదీ మార్పుల తరువాతదీ, జేబులోనే ఉన్నాయి. చూడదలచినవారికి టీ సమయంలో చూపిస్తాను. బండి బయట వేపచెట్టు కింద ఉంది. సెలవు.